రాకడ గురించి సొంతంగా చదవాలంటే: ముందు వచనం, తర్వాతే చార్టు

వందనాలమ్మా. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర, బ్రదరన్ సంఘం. క్రీస్తు రెండో రాకడలో, లోకం మీదికి వచ్చే ఏడేళ్ల మహాశ్రమలకు ముందే సంఘం, అంటే విశ్వాసులంతా, ఆకాశంలోకి ఎత్తబడుతుందని చిన్నప్పటి నుంచీ విన్నారు. అత్తవారిది భీమవరం వైపు, లూథరన్ సంఘం. అక్కడ ఆ మాటే వినపడదు, అడిగితే "అవన్నీ మనకెందుకమ్మా" అంటున్నారు. ఈ మధ్య యుద్ధాల వార్తలు, ఫోన్‌లో వచ్చే ప్రవచనాల వీడియోలు చూసి మీకు టెన్షన్ పెరిగింది. మీ అత్తగారికి చూపు తగ్గాక బైబిల్ మీరే చదివి వినిపిస్తున్నారు కాబట్టి, ఇదీ సొంతంగా చదివి తెలుసుకుందామని బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం తెరిచారు. ఆరో అధ్యాయం దాటలేకపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ పుస్తకం కొనాలి అన్నది మీ ప్రశ్న.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నరసాపురం దగ్గర మా సంఘంలో ముప్ఫై ఏళ్లకు పైగా బైబిల్ స్టడీ నడిపాను. నా సలహా ఏమిటంటే, ఇప్పుడే పుస్తకమేదీ కొనకండి. ఒక ఆరు నెలలు వీడియోలు కూడా పక్కన పెట్టండి. మీ దగ్గరున్న బైబిల్, వీలైతే వాడుక భాషలో వచ్చిన అనువాదం ఇంకొకటి, ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటే చాలు. ప్రకటనతో మాత్రం మొదలుపెట్టొద్దు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికతో మొదలుపెట్టండి. ఎందుకో చెబుతాను.

ముందు మీ భయం గురించి ఒక మాట. స్కూలు నుంచి ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేకపోతే "అందరూ ఎత్తబడ్డారు, నేనొక్కదాన్నే మిగిలిపోయాను" అని ఏడ్చానని రాశారు. మా సండే స్కూల్లో పెరిగిన పిల్లల్లో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువ. నాకూ ఉంది. కానీ ఆ ఎత్తబడుట అనే బోధకు ఆధారమైన వచనం ఎవరి కోసం రాశారో చూడండి. అపొస్తలుడైన పౌలు థెస్సలొనీక పట్టణంలో ఉన్నది కొద్ది రోజులే. అపొస్తలుల కార్యములు 17లో మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో తర్కించాడని ఉంటుంది. గొడవ జరిగి రాత్రికి రాత్రే ఊరు విడవాల్సి వచ్చింది. ఆయన వెళ్లాక అక్కడి విశ్వాసుల్లో కొందరు చనిపోయారు. "ప్రభువు రాకముందే పోయారే, మా వాళ్ల గతి ఏమిటి" అని మిగిలినవాళ్లు కుమిలిపోయారు. క్రీ.శ. 50 ప్రాంతంలో కొరింథు నుంచి పౌలు రాసిన జవాబు ఆ పత్రిక. ఇంట్లో మనిషి పోయిన వాళ్లకు రాసిన ఓదార్పు ఉత్తరం అది. ఆ భాగం ఎలా ముగుస్తుందో చూడండి: "కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి." ఆదరించడానికి రాసిన మాటలు మిమ్మల్ని నిద్రపోనీయకుండా చేస్తున్నాయంటే, అవి మీ దాకా వచ్చిన దారిలో ఎక్కడో తేడా జరిగింది. అందుకే ఇక్కడ మొదలుపెట్టమంటున్నాను.

ఇక ఆ వచనంలోని మాటలు. 1 థెస్సలొనీకయులకు 4:17లో మన పాత తెలుగు బైబిల్ వాడిన మాట "ఎత్తబడుదుము" కాదు, "కొనిపోబడుదుము". "ప్రభువును ఎదుర్కొనుటకు" మేఘాల మీద కొనిపోబడతామని ఉంది. ఈ ఎదుర్కొనడం మన పెళ్లిళ్లలో ఎదురుకోలు లాంటిదే. మగపెళ్లివారు ఊరి పొలిమేరకు వచ్చారనగానే ఆడపెళ్లివారు మేళతాళాలతో, పానకం బిందెలతో ఎదురువెళ్లి వాళ్లను వెంటబెట్టుకుని విడిదికి తీసుకొస్తారు. ఇక్కడున్న గ్రీకు మాట అపాంతేసిస్. పట్టణానికి పెద్దమనిషి వస్తుంటే జనం బయటికి వెళ్లి ఎదుర్కొని లోపలికి తీసుకురావడానికి ఆ కాలంలో ఈ మాట వాడేవారు. కొత్త నిబంధనలో ఇదే మాట ఇంకా రెండు సందర్భాల్లో కనపడుతుంది. ఒకటి మత్తయి 25లో పదిమంది కన్యకల ఉపమానం, పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి వెళ్లడం. రెండోది అపొస్తలుల కార్యములు 28:15, పౌలు వస్తున్నాడని రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేట దాకా ఎదురొచ్చి ఆయనతో కలిసి ఊళ్లోకి వెళ్లడం.

దీన్ని బట్టి కొందరు, విశ్వాసులు ప్రభువుకు ఎదురువెళ్లి ఆయనతో కలిసి భూమి మీదికే వస్తారు, వేరుగా ముందుగా ఎత్తబడటమంటూ లేదు అంటారు. కాదు, యోహాను 14:3లో "నేనుండు స్థలములో మీరును ఉండులాగున" అన్నాడు కాబట్టి పరలోకానికే తీసుకువెళతాడని మన బ్రదరన్ పెద్దలు అంటారు. రెండు వైపులా వచనాన్ని ప్రేమించే మనుషులే ఉన్నారు. నా సంగతి చెప్పాలంటే, ఆయన వస్తాడనీ మనం ఆయన్ని కలుసుకుంటామనీ నాకు కొంచెం కూడా సందేహం లేదు. అది శ్రమలకు ముందా తర్వాతా అన్న విషయం మీద మాత్రం ఇరవై ఏళ్ల కిందట ఉన్నంత పట్టు ఇప్పుడు లేదు. మీరు చదివి మీ అంతట మీరే నిర్ణయానికి రండి. తొందరేమీ లేదు.

నోట్‌బుక్ ఎలా రాయాలో ఇక్కడే చెప్పేస్తాను. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో వచనంలో ఉన్నది ఉన్నట్టు. రెండో దాంట్లో ఆ మాటో బొమ్మో బైబిల్‌లో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో. మూడో దాంట్లో మీరు ఎవరి దగ్గరైనా విన్నది, అంత్యదినాల వరుసను గీసి చూపే చార్టులో చూసింది. మూడోది తప్పని కాదు. కానీ మన బుర్రలో మొదటిదీ మూడోదీ కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీయడమే మొదటి ఆరు నెలల పని.

ఉదాహరణకు "ఏడేళ్ల మహాశ్రమలు" తీసుకోండి. ప్రకటన గ్రంథం మొత్తం వెతికినా "ఏడు సంవత్సరాలు" అనే లెక్క దొరకదు. నలువదిరెండు నెలలు ఉంది, 1,260 దినాలు ఉంది, ఒకకాలము కాలములు అర్ధకాలము అని ఉంది. ఇవన్నీ మూడున్నరేళ్లే. మరి ఏడు ఎక్కడిది? దానియేలు 9లో డెబ్బది వారాల ప్రవచనంలో మిగిలిన చివరి వారం నుంచి. ఏడు వారాలు, అరవై రెండు వారాలు, ఒక వారం. వారమంటే ఏడేళ్లని తీసుకుంటే మొత్తం 490 ఏళ్లు. ఆ చివరి వారం అరవై తొమ్మిదో వారం వెంటనే వచ్చి అయిపోయిందా, లేక మధ్యలో సంఘకాలమంతా గడిచి చివర్లో రావాల్సి ఉందా అన్నదే అసలు తగాదా. మీ పుట్టింటి సంఘం గోడ మీద ఉన్న చార్టు ఈ రెండో అభిప్రాయం మీద నిలబడి ఉంది. అది తెలుసుకుని చార్టు చూస్తే ఏ గీత వచనమో, ఏ గీత వచనాలను కలిపి కట్టిన లెక్కో మీకే కనపడుతుంది.

అలాగే "క్రీస్తు విరోధి". ఈ మాట ప్రకటన గ్రంథంలో ఒక్కసారి కూడా లేదు. యోహాను మొదటి, రెండవ పత్రికల్లోనే ఉంది. అక్కడ కూడా "అనేకులైన క్రీస్తు విరోధులు" ఇప్పటికే బయలుదేరారని యోహాను తన కాలం గురించే చెబుతాడు. ప్రకటనలో క్రూరమృగం, థెస్సలొనీకయ రెండో పత్రికలో పాపపురుషుడు, దానియేలులో చిన్న కొమ్ము. ఇవన్నీ ఒకే వ్యక్తి కావచ్చు. ఆ మాట మాత్రం మూడో గడిలో రాసుకోవాలి, మొదటి గడిలో కాదు.

మీ రెండు ఇళ్ల మధ్య తేడా ఎక్కడిదో తెలిస్తే సగం బరువు దిగుతుందని నా అనుభవం. మన డెల్టాలోకి సువార్త ఒకే దారిన రాలేదు. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు తమ భార్యలతో కలిసి, మిషనరీ ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో వాళ్లు మొదలుపెట్టిన పనే గోదావరి డెల్టా మిషన్. వాళ్లు బ్రదరన్ సహవాసం వాళ్లు. సరిగ్గా ఆ 1830లలోనే అదే సహవాసంలో జాన్ నెల్సన్ డార్బీ అనే ఆయన, సంఘం వేరు ఇశ్రాయేలు వేరు, శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుంది అనే బోధను వరుసలో పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. 1909లో స్కోఫీల్డ్ నోట్సుతో అచ్చైన ఇంగ్లీషు బైబిల్ ద్వారా అది ప్రపంచమంతా పాకింది. అయితే బ్రదరన్ వాళ్లలోనే అందరూ ఒప్పుకోలేదు. బెంజమిన్ న్యూటన్ గట్టిగా కాదన్నాడు. గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్లాడిన జార్జి ముల్లర్, అనాథాశ్రమాల ముల్లర్, ఆయన కూడా ఆ బోధను అంగీకరించలేదు. ఈ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. తెలిస్తే అవతలివాళ్ల మీద కోపం కాస్త తగ్గుతుంది.

మీ అత్తవారి సంఘం దారి వేరు. రాజమండ్రిలో 1840లలో జర్మన్ మిషనరీలు మొదలుపెట్టిన పని తర్వాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. లూథరన్లు 1530లో రాసుకున్న ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలో పదిహేడో అధికరణం క్రీస్తు తీర్పు తీర్చడానికి తిరిగి వస్తాడని స్పష్టంగా చెబుతుంది. పునరుత్థానానికి ముందే భక్తులు ఈ లోకాన్ని ఏలే రాజ్యం ఒకటి వస్తుందన్న బోధను మాత్రం కాదంటుంది. కాబట్టి మీ అత్తగారు రాకడను నమ్మడం లేదని అనుకోకండి. ఆవిడ ప్రతి ఆదివారం అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో "సజీవులకును మృతులకును తీర్పు తీర్చుటకు" వస్తాడని చెబుతూనే ఉన్నారు. ప్రకటన 20లో క్రీస్తు ఏలుతాడన్న వెయ్యేండ్లను అక్షరాలా తీసుకోరు, అంతే. ఆ వెయ్యేండ్లనే మాట ఆ ఒక్క అధ్యాయంలోనే, రెండో వచనం నుంచి ఏడో వచనం వరకు ఆరుసార్లు వస్తుంది. వెయ్యేండ్ల ముందు క్రీస్తు వస్తాడనేవాళ్లు, వెయ్యేండ్ల తర్వాత వస్తాడనేవాళ్లు, ఇప్పుడు జరుగుతున్న సంఘకాలమే ఆ వెయ్యేండ్లు అనేవాళ్లు, మూడు రకాల వాళ్లూ ఆ ఆరు వచనాల చుట్టూ తిరుగుతున్నవాళ్లే.

థెస్సలొనీకయ పత్రికలు రెండూ అయ్యాక మత్తయి 24, మార్కు 13, లూకా 21 పక్కపక్కన పెట్టుకుని చదవండి. దేవాలయం రాయి మీద రాయి నిలవదని యేసు అన్నప్పుడు శిష్యులు అడిగింది ఒక ప్రశ్న కాదు. ఇవి ఎప్పుడు జరుగును, నీ రాకడకూ యుగసమాప్తికీ సూచనలేవి అని అడిగారు. దేవాలయం క్రీ.శ. 70లో రోమా సైన్యం చేతిలో పడిపోయింది. యుగసమాప్తి ఇంకా రాలేదు. యేసు జవాబులో రెండూ కలిసి ఉన్నాయి, అక్కడే అందరూ తికమకపడతారు. మా క్లాసులో దీనికి నేను చెప్పే పోలిక ఒకటుంది. ఏటిగట్టు మీద నిలబడి అవతలికి చూడండి. ఎదురుగా కొబ్బరిచెట్ల వరుస ఒకటే కనపడుతుంది, అదే అవతలి ఒడ్డు అనుకుంటాం. పడవెక్కి వెళితే తెలుస్తుంది, అది లంక అని, లంక వెనక ఇంకో పాయ ఉందని, అసలు ఒడ్డు ఆ పాయ దాటాక ఉందని. ప్రవక్తలు చాలాసార్లు ఇలాగే చూశారు. లూకా 21:20లో "యెరూషలేము దండ్లచేత చుట్టబడుట" అని స్పష్టంగా ఉంది చూడండి, అది లంక. ఏ వచనం లంకది, ఏది అవతలి ఒడ్డుది అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. కొన్ని మీకు తేలవు. వాటిని అలాగే వదిలేయండి.

ఇక్కడే మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6 తుపాను మీకు గుర్తుండకపోవచ్చు, మీ అమ్మగారిని అడగండి. కోనసీమలో ఒక్క రాత్రిలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు విరిగి పడిపోయాయి. వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తర్వాత కూటాల్లో ఎక్కడ చూసినా రాకడ మాటే. ఒక బోధకుడు, పేరు అనవసరం, మత్తయి 24లోని అంజూరపు చెట్టు అంటే ఇశ్రాయేలు దేశం అని, 1948లో అది చిగిర్చిందని, ఆ తరం గతించకముందే రాకడ అని, ఒక తరం అంటే నలభై ఏళ్లని మొదట లెక్క చెప్పేవాడు. 1988 దాటిపోయింది. తుపాను తర్వాత మళ్లీ వచ్చి 2000 సంవత్సరం దాటదని చెప్పాడు. మా చిన్నాన్నది సఖినేటిపల్లి వైపు రెండెకరాల కొబ్బరితోట. చెట్లన్నీ పడిపోయాయి. అందరూ కొత్త మొక్కలు వేసుకుంటుంటే ఆయన వేయలేదు. "కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అప్పటిదాకా మనం ఇక్కడుంటామా" అన్నాడు. పొలం అలాగే ఉండిపోయింది. 2003 వచ్చేసరికి చుట్టుపక్కల తోటలు గెలలు వేస్తున్నాయి, చిన్నాన్న అప్పుల్లో ఉన్నాడు. ఆయన సంఘానికి రావడం మానేశాడు. బోధకుడి లెక్క తప్పినందుకు బైబిలే తప్పిందనుకున్నాడు. ఆయన్ని మళ్లీ వాక్యం దగ్గరికి తీసుకురావడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ లెక్కను ఆయన ఒక్క వచనంతో సరిచూసుకుని ఉంటే సరిపోయేది. లూకా 21:29లో యేసు అదే ఉపమానం చెబుతూ "అంజూరపు వృక్షమును సమస్త వృక్షములను" చూడమంటాడు. అంజూరం ఒక్కటే ఒక దేశానికి గుర్తయితే మిగతా చెట్లన్నీ ఏ దేశాలు? చెట్లు చిగిరిస్తే వేసవి దగ్గరని ఎవరికైనా తెలుస్తుంది, యేసు చెప్పింది అంతే. ఇక తుపాన్లు, యుద్ధాలు, కరువుల గురించి ఆయన చెప్పిన మొదటి మాట "కలవరపడకుండ చూచుకొనుడి", రెండోది "అంతము వెంటనే రాదు". ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉంది. కాలములను సమయములను తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7లో శిష్యులతోనే అన్నాడు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు లెక్కలు కట్టగా, ఆయన వెంట ఉన్నవాళ్లు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని వేలాదిగా ఎదురుచూసి కుప్పకూలిపోయారు. తారీఖు చెప్పిన వాళ్లెవరైనా సరే, ఆ వీడియో అక్కడే ఆపేయండి. థెస్సలొనీకయుల్లో కూడా ప్రభువు దినం వచ్చేసిందని విని కొందరు కలవరపడ్డారు. వాళ్లకు పౌలు రెండో పత్రికలో బెదరవద్దని చెప్పి, పని మానేసి తిరుగుతున్నవాళ్లను అదే పత్రిక మూడో అధ్యాయంలో పని చేసుకు తినమన్నాడు. మా చిన్నాన్నతో ఈ అధ్యాయం కలిసి చదివిన రోజు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ వానాకాలమే మొక్కలు వేశాడు.

అయితే మెలకువగా ఉండమన్న మాట వదిలేయమనడం లేదు. ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాల వాళ్లు ఏ తారీఖున వరద వస్తుందని అడగరు. ఏటా జూలై వచ్చేసరికి పడవ బాగుచేసుకుంటారు, గొడ్లను ఎక్కడికి తోలాలో చూసుకుంటారు, వరి నాట్లు మాత్రం మానరు. మత్తయి 24 చివర్లో, 25 మొత్తంలో యేసు చెప్పిన దాసుల కథలు చదివితే మెలకువ అంటే ఇలాంటిదేనని తెలుస్తుంది. అప్పజెప్పిన పని చేస్తూ దొరికిన దాసుడే అక్కడ ధన్యుడు.

ఆ తర్వాత దానియేలు. మొత్తం పన్నెండు అధ్యాయాలే. మొదటి ఆరు కథలు, పిల్లలకు కూడా చెప్పొచ్చు. 2, 7, 9 మాత్రం నిదానంగా. యెహెజ్కేలు మొదటి అధ్యాయం, 37 నుంచి చివరిదాకా, జెకర్యా మొత్తం. ఇవి చదవకుండా ప్రకటనలోకి వెళ్లడం వల్లే మీరు ఆరో అధ్యాయం దగ్గర ఆగిపోయారు. ఆ నాలుగు గుర్రాలు జెకర్యా 1లోనూ 6లోనూ ముందే పరుగెత్తి ఉన్నాయి. ప్రకటన రాసిన యోహాను పాత నిబంధనను ఎక్కడా "వ్రాయబడియున్నట్టు" అని ఎత్తి చూపించడు, కానీ చాలా వచనాల్లో దాని మాటలే వాడతాడు. పాత నిబంధన నోటికి వచ్చిన మనిషి రాసిన పుస్తకం అది.

ఒక్కటి చేసి చూపిస్తాను. ప్రకటన 13:1-2లో సముద్రం నుంచి వచ్చిన క్రూరమృగం చిరుతపులిలా ఉంది, పాదాలు ఎలుగుబంటివి, నోరు సింహానిది, కొమ్ములు పది. ఇప్పుడు దానియేలు 7 తెరవండి. అక్కడా సముద్రం నుంచే నాలుగు మృగాలు: సింహం, ఎలుగుబంటి, నాలుగు తలల చిరుతపులి, పది కొమ్ముల నాలుగోది. తలలన్నీ కూడండి, ఒకటి, ఒకటి, నాలుగు, ఒకటి, మొత్తం ఏడు. ప్రకటనలోని మృగానికి ఉన్నవి ఏడు తలలు. దానియేలు చూసిన నాలుగింటినీ యోహాను ఒకే మృగంలో కలిపేశాడు. ఆ మృగాలు రాజులని దానియేలు 7:17లో దూతే చెప్పాడు. ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చిన దౌర్జన్యపు సామ్రాజ్యాల బలమంతా ఒకచోట చేరిందన్నమాట. యోహాను మొదటి పాఠకులకు అది రోమా. అంతటితో అయిపోయిందా, చివర్లో మళ్లీ వస్తుందా అన్నది తర్వాత ఆలోచించవచ్చు. ఇది మాత్రం వచనం పక్కన వచనం పెడితే వచ్చింది, ఎవరి చార్టూ అక్కర్లేదు.

ప్రకటన 13:18లో మృగం సంఖ్యగా చెప్పిన 666 గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఆధార్ కార్డు వచ్చినప్పుడు, అంతకుముందు బార్‌కోడ్ వచ్చినప్పుడు, కొవిడ్ టీకా వచ్చినప్పుడు ఇదే మృగం ముద్ర అని భయపెట్టారు. గ్రీకులో, హెబ్రీలో అంకెలకు వేరే గుర్తులు లేవు, అక్షరాలే అంకెలు. మన పండితులు కటపయాది పద్ధతిలో అక్షరాలతో సంఖ్యలు చెప్పినట్టే వాళ్లు పేర్లను కూడి సంఖ్య చేసేవారు. రోమా చక్రవర్తి నీరో పేరును నీరోన్ కైసరు అని హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది, లాటిన్ పలుకుబడిలో ఒక అక్షరం తగ్గిస్తే సరిగ్గా అంతే వస్తుంది. అందుకే చాలామంది పండితులు నీరో వైపు చూపిస్తారు. భవిష్యత్తులో ఇంకొకడున్నాడనే వాళ్లు కూడా నీరో అతనికి నమూనా అంటారు. కానీ నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది పక్క పేజీలో ఉంది. 13వ అధ్యాయం చివర మృగం ముద్ర, 14వ అధ్యాయం మొదటి వచనంలో గొఱ్ఱెపిల్ల నామం, ఇదీ నొసళ్ల మీదే. ద్వితీయోపదేశకాండము 6:8లో దేవుని మాటలు చేతికీ కన్నుల నడుమా కట్టుకోమన్నాడు. ఎవరికి మొక్కుతున్నారు, ఎవరి మాట ప్రకారం చేతులతో పని చేస్తున్నారు అన్నది అక్కడి ప్రశ్న. తెలియకుండా ఒక కార్డు తీసుకున్నంత మాత్రాన ఎవరూ ఆరాధకులైపోరు. ఆ ముద్ర ఆరాధనతో ముడిపడి ఉందని 14:9 చదివితే తెలుస్తుంది. మీ పిల్లలకు టీకాలు వేయించండి, భయపడకండి.

ఇక ప్రకటన. మొదటిసారి విడమరిచి చదవొద్దు. ఒక రోజు వీలు చూసుకుని 22 అధ్యాయాలూ ఒకే దఫా పైకి చదవండి, నాకు గంటన్నర పడుతుంది. అర్థం కానిది వదిలేసి ముందుకు వెళ్లండి. 1:3లో "చదువువాడును, వాటిని విని" అని ఉంది. చదివేవాడు ఒకడు, వినేవాళ్లు చాలామంది. ఒక మనిషి నిలబడి చదువుతుంటే సంఘమంతా కూర్చుని వినడం కోసం రాసిన పుస్తకం ఇది. చెవితో వింటే బూరలు, ఉరుములు, పాటలు వస్తున్న వరుస తెలుస్తుంది. మధ్యమధ్యలో ఎన్ని పాటలున్నాయో అప్పుడే గమనిస్తారు.

రెండోసారి నిదానంగా. 2, 3 అధ్యాయాల్లోని ఏడు సంఘాల దగ్గర ఆగండి, అవి ఆసియా అనే రోమా పరగణాలో, అంటే ఇప్పటి టర్కీలో, నిజంగా ఉన్న ఊళ్లు. లవొదికయ పక్కన హియెరాపొలిలో వేడినీటి బుగ్గలున్నాయి, కొలొస్సయిలో చల్లని నీళ్లు, లవొదికయకు మాత్రం నీళ్లు గొట్టాల్లో దూరం నుంచి రావాలి. ఆ సంఘాన్ని నులివెచ్చగా ఉన్నావని మందలించాడు కదా, నులివెచ్చని నీళ్లంటే ఆ ఊరి వాళ్లకు వెంటనే అర్థమయ్యే మాట. తర్వాత ఐదో అధ్యాయం. నా దృష్టిలో పుస్తకానికంతటికీ తాళంచెవి అక్కడుంది. యూదా గోత్రపు సింహం జయించాడని యోహాను వింటాడు. చూసేసరికి సింహం లేదు, వధింపబడినట్టున్న గొఱ్ఱెపిల్ల ఉంది. విన్నది ఒకటి, కనిపించింది ఇంకొకటి, రెండూ ఆయనే. ఏడో అధ్యాయంలోనూ అంతే. 1,44,000 అని వింటాడు, చూస్తే ఎవడూ లెక్కపెట్టలేని గొప్ప సమూహం. ఇక్కడ రెండూ ఒకటేనా వేరా అని వాదించేవాళ్లున్నారు, మీరు ఐదో అధ్యాయాన్ని మనసులో పెట్టుకుని చదవండి. గొఱ్ఱెపిల్ల అని క్రీస్తును ఈ పుస్తకం 28 సార్లు పిలుస్తుంది. మృగాన్ని చూసి భయపడే ముందు ఆ పేరు వచ్చిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. యుద్ధానికి రాజులు పోగయ్యే చోటు హార్‌మెగిద్దోను 16:16లో ఒక్కసారే వస్తుంది. వీడియోల్లో ఏది ఎక్కువ వినపడుతుందో మీకు తెలుసు.

21వ అధ్యాయం మొదటి వచనంలో "సముద్రమును ఇకను లేదు" అని ఉంటుంది. తుపాను తర్వాత ఏడాదికి ఒక పల్లెపాలెంలో ఈ అధ్యాయం చదివాను. వేటకు వెళ్లిన ఎంతోమంది ఆ రాత్రి తిరిగి రాలేదు. సముద్రమే బతుకైన వాళ్ల దగ్గర ఈ మాట ఎలా చదవాలా అని నాకు లోపల బెరుకుగా ఉంది. దానియేలులో, ప్రకటనలో మృగాలు వచ్చేది సముద్రం నుంచే, పత్మాసు ద్వీపంలో బందీగా ఉన్న యోహానును తన సంఘాల నుంచి విడదీసిందీ సముద్రమేనని చెబుదామని అనుకున్నాను. అంతలోనే వెనక కూర్చున్న ఒకావిడ, భర్తనూ పెద్దకొడుకునూ ఆ రాత్రే పోగొట్టుకున్న మనిషి, "ఆ మాట ఇంకోసారి చదవండి మాస్టారూ" అంది. చదివాను. తర్వాత నాలుగో వచనం, ఆయన వాళ్ల కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచివేయడం కూడా చదివాను. ఆ రోజు నేను వివరణ ఏమీ చెప్పలేదు. ఈ పుస్తకం ఎవరికోసం రాశారో నాకు ఏ నోట్సులోనూ అంత బాగా తెలియలేదు.

సమయం విషయానికొస్తే, రోజుకు అరగంట చొప్పున థెస్సలొనీకయ పత్రికలకు ఒక నెల, సువార్తల్లోని మూడు అధ్యాయాలకు ఒక నెల, దానియేలు, యెహెజ్కేలు, జెకర్యాలకు రెండు నెలలు, మిగతా రెండు నెలలు ప్రకటనకు. ఆ తర్వాత పుస్తకాలు కొనండి. కొంటే ఒక్క అభిప్రాయానికి చెందినవే కాకుండా, కనీసం రెండు వైపులవి కొనండి. ఎక్కడైనా చిక్కుపడితే అధ్యాయం, వచనం రాసి అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఇంకొక్క మాట. దీన్ని ఒక్కరే గదిలో కూర్చుని చదవకండి. మీ అత్తగారికి ఎలాగూ మీరే చదివి వినిపిస్తున్నారు కదా. సాయంత్రం దీపాలు పెట్టాక ఆవిడ పక్కన కూర్చుని 1 థెస్సలొనీకయులకు నాలుగో అధ్యాయం పదమూడో వచనం నుంచి పైకి చదవండి. ఎత్తబడుట గురించి ఏమీ అడగొద్దు. చదివాక, ఆవిడకు ఎవరు గుర్తొచ్చారో అడగండి.